తంటా ఎవరి నెత్తిన ఉంది? టూరిస్టుకీ ట్రావెలర్‌కీ తేడా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "టూరిస్టులా తిరగొద్దు, ట్రావెలర్‌లా తిరుగు అని అందరూ చెబుతున్నారు. అసలు తేడా ఏమిటి? నాకు ఏడాదికి పది రోజులే సెలవు. ఈసారి అమ్మానాన్నలతో ప్యాకేజీ టూరుకి డబ్బు కట్టేశాను. ఇలా వెళ్తే టూరిస్టుగానే మిగిలిపోతానా?" చివరి వాక్యంలో కాస్త సిగ్గు వినబడింది. ఆ సిగ్గు అక్కర్లేదని చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. ప్రయాణంలో వచ్చే తంటా ఎవరి నెత్తిన ఉంది అన్నదే తేడా. దారి వెతకడం, బండి దొరక్కపోతే ఏం చేయాలో ఆలోచించడం, భాష రానిచోట పని జరిపించుకోవడం, పొరపాటు జరిగితే దిద్దుకోవడం, ఇదంతా తంటా. డబ్బిచ్చి దాన్ని ఇంకొకరికి అప్పజెప్పినంతసేపూ మీరు టూరిస్టు. మీ నెత్తిన మీరే పెట్టుకున్నంతసేపూ ట్రావెలర్. ఒకే మనిషి పొద్దున టూరిస్టుగా, సాయంత్రం ట్రావెలర్‌గా ఉండొచ్చు. సంచి సైజుకీ, ఖర్చుకీ, ఒంటరిగా వెళ్ళారా గుంపులో వెళ్ళారా అన్నదానికీ దీనితో పెద్దగా సంబంధం లేదు. ప్యాకేజీలో వెళ్ళడం తప్పూ కాదు.

ఇరవై రెండేళ్ళు టూర్ మేనేజర్‌గా పనిచేశాను. అంటే ఇతరుల తంటాలు మోసినందుకే నాకు జీతం. గుంపుకి ముందు జెండా పట్టుకుని నడిచే మనిషి, బస్సెక్కిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టే మనిషి ఉంటాడే, అతన్ని. సీజన్ లేని నెలల్లో మాత్రం ఏ బుకింగూ లేకుండా ఒక్కణ్ణే పోయేవాణ్ణి. గుంపులో నవ్వుకున్నవాటికి ఒంటరిగా ఉన్నప్పుడు ఏడ్చాను, ఒంటరిగా గొప్పలు పోయినవాటికి తర్వాత సిగ్గుపడ్డాను. కింద రాసేదంతా ఆ రెంటి మధ్య తేలిందే.

ఈ తేడా మాటల్లోనే దాక్కుని ఉంది. ఇంగ్లిషు 'టూర్' లాటిన్‌లో తరిమెన అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. వడ్రంగి చెక్కని గిరగిరా తిప్పుతూ గుండ్రంగా చెక్కుతాడే, ఆ పనిముట్టు. తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే చేరేది టూర్. మన 'పర్యటన' కూడా అచ్చం అంతే: పరి అంటే చుట్టూ, అటనం అంటే తిరగడం. 'ట్రావెల్' పుట్టుక వేరు. శ్రమ, బాధ అనే అర్థం ఉన్న పాత ఫ్రెంచి మాట దానికి తల్లి. ఆ తల్లికి మూలం లాటిన్‌లో మూడు గుంజలతో చేసిన హింసా సాధనం పేరని భాషాచరిత్ర తెలిసినవాళ్ళు చెబుతారు. యాత్రకీ యాతనకీ పెద్ద దూరం లేదండీ అని నాతో చాలా టూర్లు చేసిన సహోద్యోగి అనేవాడు. వ్యుత్పత్తి ప్రకారం వాటికి చుట్టరికం లేదు గానీ, పద్నాలుగు గంటలు బస్సులో కూర్చున్నాక ఉన్నట్టే అనిపించేది.

అధికారుల లెక్క ఇంకో రకం. ఐక్యరాజ్యసమితి పర్యాటక గణాంకాల నిర్వచనం ప్రకారం ఏ పని మీదైనా, ఎంతకాలమైనా ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలే ప్రతివారూ ట్రావెలరే. అందులో తన మామూలు పరిసరాలు దాటి, ఏడాదికి తక్కువ కాలం, అక్కడ ఎవరి దగ్గరా ఉద్యోగానికి కుదరకుండా వెళ్ళినవాడు సందర్శకుడు. ఒక్క రాత్రి అక్కడ పడుకుంటే టూరిస్టు అవుతాడు, సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తే ఒకరోజు సందర్శకుడు. కాబట్టి ఆ కాగితాల్లో ప్రతి టూరిస్టూ ట్రావెలరే. ఆరు నెలలుగా ఒక్క సంచీతో దేశాలు పట్టి తిరుగుతున్న కుర్రాడు కూడా అక్కడ టూరిస్టే. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర "నేను టూరిస్టుని కాదండీ, ట్రావెలర్‌ని" అని చెప్పి చూడండి, పక్క గదిలో కూర్చోబెడతారు. ఒకే వీసా మీద తిరగనిచ్చే యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఉండకూడదన్న నియమం ఎవరి ఆత్మాన్వేషణకీ మినహాయింపు ఇవ్వదు.

తంటాని అమ్మకానికి పెట్టవచ్చని పెద్ద ఎత్తున కనిపెట్టినవాడు థామస్ కుక్. చెక్క సామాను చేసే పనివాడు, బాప్టిస్టు ప్రచారకుడు, మద్యపానానికి విరోధి. 1841 జులై 5న ఇంగ్లండ్‌లో లెస్టర్ నుంచి లఫ్‌బరోకి ఒక మద్యనిషేధ సభ కోసం దాదాపు 500 మందిని ప్రత్యేక రైల్లో తీసుకెళ్ళాడు. రానూపోనూ తలకో షిల్లింగు. పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేని ఆ ప్రయాణంలో కొత్తగా ఏముంది? రైలు కొత్త కాదు, ఊరు కొత్త కాదు. టికెట్టు, వేళలు, సభ ఏర్పాట్లు అన్నీ ఒక్క మనిషి చూసుకున్నాడు, మిగతావాళ్ళు వచ్చి కూర్చున్నారు. అదీ కొత్త. 1872లో బయల్దేరి అదే మనిషి ఒక చిన్న గుంపుని 222 రోజుల్లో ప్రపంచం చుట్టించాడు. అంతకుముందు దూరదేశం చూసే భాగ్యం దొరల కొడుకులకే ఉండేది, అదీ వెంట ఒక గురువుని పెట్టుకుని. ఫ్యాక్టరీ కార్మికుడు, ఒంటరి స్త్రీ, బడిపంతులు సముద్రం దాటారంటే అందులో ఆయన చేయి ఉంది. టూరిస్టుల్ని తిట్టేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. అప్పుడూ తిట్టారు, 'మంద' అన్నారు. తిట్టినవాళ్ళలో ఎక్కువమంది అంతకుముందే డబ్బుండి తిరిగినవాళ్ళు.

ఆయన పేరుతో నడిచిన కంపెనీ 2019 సెప్టెంబరులో కుప్పకూలింది. ఆ రోజు బయటి దేశాల్లో లక్షన్నరమంది బ్రిటిష్ టూరిస్టులున్నారు. హోటల్ గదుల్లో పడుకున్నవాళ్ళు పొద్దున లేచేసరికి వాళ్ళు అమ్మేసుకున్న తంటా మొత్తం తిరిగి వాళ్ళ మంచాల మీద ఉంది. ప్రభుత్వం విమానాలు పెట్టి వాళ్ళని ఇళ్ళకి చేర్చింది. తంటా మాయమైపోదు, చేతులు మారుతుంది, అంతే.

దీనికి అవతలి కొస ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మేలో బయల్దేరి, కాశీ దాకా వెళ్ళి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని సామెత పుట్టిన రోజులవి. ఆయన ఒంటరిగా వెళ్ళలేదు. దాదాపు వందమంది పరివారం, పల్లకీ, బోయీలు, అన్నీ ఉన్నాయి. ఈనాటి కొలతలు పెడితే ఆయనది లగ్జరీ గ్రూప్ టూర్. కానీ ఆయన రాసుకున్న 'కాశీయాత్ర చరిత్ర' తిరగేయండి. ఏ మజిలీలో నీళ్ళు బాగున్నాయి, దిగడానికి చోటుందా, ఏ సరుకు దొరుకుతుంది, దారి రాళ్ళదా ఇసకదా అని ఊరి తరవాత ఊరు రాసుకుంటూ పోతారు. వెనక వచ్చేవాడికి ఏమి తెలియాలో ఆ లెక్కన చూశాడాయన. వందమంది బాగోగుల తంటా ఆయన నెత్తిన ఉంది కాబట్టే ఆ కళ్ళు అంత తెరుచుకుని ఉన్నాయని నా అనుమానం. పల్లకీలో కూర్చుని కూడా ట్రావెలర్ కావచ్చనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

టూరిస్టుకి కనబడని వైపు ఏముంటుంది? ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఆగుతాను. నా భుజాన వేలాడే సంచీలో అందరి పాస్‌పోర్టుల నకళ్ళు, ప్లగ్గులకి అడాప్టర్లు నాలుగు, కళ్ళజోళ్ళకి బిగించే బుల్లి స్క్రూడ్రైవరు, రెండు రకాల పవర్లలో చదువుకునే అద్దాలు ఉండేవి. ప్రతి టూరులో ఎవరో ఒకరు కళ్ళజోడు హోటల్లో మర్చిపోతారు. యూరప్‌లో బస్సు ఏదో పెట్రోలు బంకు దగ్గర ముప్పావుగంట ఆగితే "మాచేత కొనిపించడానికి ఆపాడు, కమీషన్ ఉంటుంది" అని వెనక సీట్లలో గుసగుసలు. అసలు సంగతి, అక్కడి చట్టం ప్రకారం నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవరు 45 నిమిషాలు విరామం తీసుకుని తీరాలి. బండిలో ఉన్న యంత్రం ప్రతి నిమిషం నమోదు చేస్తుంది. రోజుకి మామూలుగా తొమ్మిది గంటలే నడపాలి. రాత్రి పదకొండు గంటల విశ్రాంతి కావాలి, వారంలో కొన్నిసార్లు తొమ్మిదికి తగ్గించుకోవచ్చు. మీరు రాత్రి భోజనంలో ఒక గంట ఆలస్యం చేస్తే మర్నాడు పొద్దున బయల్దేరే వేళ జరుగుతుంది. మీరు అద్దంలోంచి చూసే ఊళ్ళ వరస ఆ డ్రైవరు నిద్ర చుట్టూ అల్లింది.

తంటా ఇంకొకరు మోస్తే ఏమి పోతుంది? ఊరి కీళ్ళు ఎక్కడున్నాయో తెలియకుండా పోతుంది. ఏది ఎందుకు అక్కడుంది, ఈ వీధి ఎందుకిలా మలుపు తిరిగింది, బస్సు ఇక్కడే ఎందుకు ఆగుతుంది అన్నవి పని పడితేనే తెలుస్తాయి. దారి తప్పినవాడికి ఊరు గుర్తుంటుంది. జెండా వెనక నడిచినవాడికి జెండా రంగు గుర్తుంటుంది. పదిహేను దేశాలు నాతో తిరిగిన ఒకావిడ ఓ పెళ్ళిలో కలిసి "మీ జెండా నీలం రంగుది కదండీ" అన్నారు. అంతకు మించి మేమిద్దరం పంచుకోదగ్గది ఏదీ ఆవిడకి తట్టలేదు. తప్పు ఆవిడది కాదు, అంత వేగంగా తిప్పింది నేనే.

అయితే ఏమి వస్తుందో కూడా చెప్పాలి. తల ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని ఏం చేశారన్నది మీ ఇష్టం.

ఒకసారి ముప్పై నాలుగు మందిని కంబోడియాలోని ఆంగ్‌కోర్ వాట్‌కి తీసుకెళ్ళాను. ఆ గుడి పడమటికి తిరిగి ఉంటుంది కాబట్టి సూర్యుడు గోపురాల వెనక నుంచి లేస్తాడు. ముందున్న కొలను గట్టు మీద తెల్లవారుజామునే వందలాదిమంది ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడతారు. సూర్యుడు కాస్త పైకి రాగానే సగంమంది పలహారానికి హోటళ్ళకి వెళ్ళిపోతారు. (నిజంగా గుడి చూడాలంటే లోపలికి వెళ్ళాల్సింది ఆ గంటలోనే.) మా గుంపులో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. మోకాళ్ళ నొప్పి. పై అంతస్తు మెట్లు నిటారుగా ఉంటాయి, ఎక్కలేనన్నారు. తూర్పు వైపు వసారాలో క్షీరసాగర మథనం శిల్పం దగ్గర ఆయన్ని కూర్చోబెట్టి, నీళ్ళ సీసా ఇచ్చి, మిగతావాళ్ళతో వెళ్ళాను. ఆ గోడ దాదాపు 49 మీటర్ల పొడవు. ఒకవైపు అసురులు, ఒకవైపు దేవతలు, మధ్యలో విష్ణువు, అందరి చేతుల్లోంచీ సాగిపోయే వాసుకి.

రెండు గంటల తర్వాత తిరిగొచ్చాను. ఆయన అక్కడే ఉన్నారు, కానీ గోడకి అవతలి కొసన. చేతిలో బోర్డింగ్ పాస్ వెనక్కి తిప్పి పెన్సిలుతో గీతలు గీసుకున్నారు, అయిదేసి గీతల కట్టలు.

"ఏమయ్యా, అటువైపు తొంభై రెండుమంది ఉన్నారు. ఇటు ఎనభై ఎనిమిదే. లాగుడు సమానంగా ఎలా ఉంటుంది?"

నేను ఆ అంకెలు అప్పటికి పది పన్నెండుసార్లు గుంపులకి వల్లెవేసి ఉంటాను. ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు, సమానం కాదే అని అనుకోనూ లేదు. "తెలియదు మాస్టారూ" అన్నాను.

"సరే, ఇది చూశావా?" అని వంగి గోడ అడుగుభాగం చూపించారు. సముద్రంలో చేపలు, మొసళ్ళు. కొసల దగ్గర నిండుగా, తీరుగా ఉన్నాయి. కవ్వం దగ్గరికి వచ్చేకొద్దీ తునకలై ఉన్నాయి. చిలికే సుడికి నలిగి, ముక్కలై, తల ఒకచోట తోక ఒకచోట. అన్నిసార్లు ఆ గోడ ముందు నిలబడి పైన ఉన్న దేవతల్ని చూపించానే తప్ప కింద నలిగిన చేపని చూడలేదు. మాస్టారు ఆ రోజు మిగతా మూడు గుళ్ళూ చూడలేదు, బస్సులో పడుకున్నారు. కాగితం మీద ఆయన ప్యాకేజీ టూరిస్టు, నేను అనుభవజ్ఞుణ్ణి.

మీ మిత్రులు ట్రావెలర్ అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది బహుశా మాస్టారు చేసిన ఈ పని. నా నిర్వచనం దాన్ని పూర్తిగా పట్టుకోదు, ఒప్పుకుంటాను. తంటా నేను మోశాను కాబట్టే ఆయనకి రెండు గంటలు దొరికాయి. అందుకే ఈ రెండు మాటల్నీ పై మెట్టు, కింది మెట్టు అనుకోవద్దంటున్నాను.

ఇప్పుడు అవతలి పక్క, నా సొంత నిర్వాకం. ఒక మార్చి నెలలో జార్జియా దేశంలో తిరుగుతున్నాను. ఉత్తరాన కాజ్‌బెగీ కొండ కింద 2,170 మీటర్ల ఎత్తున గెర్గెటి చర్చి ఉంది, అక్కడికి పోవాలి. ఆ దారి దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఒక కనుమ దాటాలి. మంచుచరియల భయంతో చలికాలంలో తరచు మూసేస్తారు. ఈ సంగతి చదివాను, పట్టించుకోలేదు. దొరికిన వ్యానెక్కాను. గూడౌరి అనే మంచు క్రీడల ఊరి దగ్గర పోలీసులు ఆపేశారు. వ్యాను వెనక్కి తిరిగింది. మిగతావాళ్ళంతా దాంట్లోనే వెళ్ళిపోయారు. నేను దిగిపోయాను. ట్రావెలర్‌ని కదా, వెనక్కి ఎలా పోతాను!

స్కీయింగ్ సీజను, హోటళ్ళన్నీ నిండిపోయాయి. చీకటి పడింది. నా కోటు చలికాలపు సాయంత్రానికి చాలుతుందేమో గానీ ఆ ఎత్తులో రాత్రికి చాలదు. ఒక ఇంటి ముందు పారతో మంచు తీస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని పడుకున్నట్టు చూపించాను. ఆవిడ నన్నూ, నా బూట్లనీ చూసింది. ఫోన్ చేసి కొడుకుని పిలిచింది. ఇరవై అయిదేళ్ళుంటాయి, నాలుగు ఇంగ్లిషు ముక్కలొచ్చు. తన గది నాకిచ్చేసి, వంటింట్లో బల్ల మీద దుప్పటి పరుచుకున్నాడు. నాకు బ్రహ్మాండంగా నిద్ర పట్టింది. ఇదీ అసలైన ప్రయాణమంటే, ఏ ప్యాకేజీలో దొరుకుతుంది ఇది అనుకుంటూ నిద్రపోయాను కూడా.

పొద్దున లేచేసరికి అతను లేడు. వాళ్ళమ్మ కిటికీలోంచి రోడ్డు వైపు చూపించింది. ఆ అబ్బాయి మంచు తీసే బండి డ్రైవరు. కనుమ తెరవడానికి తెల్లవారక ముందే డ్యూటీకి పోయాడు. నేను దాటాల్సిన దారిని తవ్వాల్సిన మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, అతని మంచం మీద నేను గుర్రు పెట్టాను. ఆవిడ డబ్బు తీసుకుంది, ఇబ్బంది లేదు. కానీ ఆ రాత్రి తంటా నేను మోశానని అనుకున్నది అబద్ధం. నా తంటాని ముందుగా డబ్బు కట్టి, ఒప్పుకున్న మనిషికి అప్పజెప్పకుండా, అడగని మనిషి గుమ్మంలో దింపాను.

అందుకే 'ప్లాన్ లేకుండా తిరగడం' గొప్ప అనుకునేవాళ్ళని ఒకటి అడుగుతాను: ప్లాన్ తప్పినప్పుడు ఎవరు సర్దారు? ఆతిథ్యం అందుకోవడంలో తప్పు లేదు. అది దొరుకుతుందిలే అని లెక్కవేసుకుని బయల్దేరడంలో ఉంది.

ఇంకో అబద్ధం కూడా చెప్పుకుంటాం, ఎవరూ చూడని చోటు వెతికేవాడు ఊళ్ళకి మేలు చేస్తాడని. థాయ్‌లాండ్‌లో మాయా బే అనే చిన్న సముద్రతీరం ఉంది. ఎవరికీ తెలియని తీరం కోసం వెతికే కుర్రాళ్ళ కథతో ఒక హాలీవుడ్ సినిమాని 1999లో అక్కడ తీశారు. ఆ తర్వాత జనం ఆ తీరం కోసం వచ్చారు, వచ్చారు, వస్తూనే ఉన్నారు. రద్దీ రోజుల్లో అయిదు వేలమంది దాకా. పగడపు దిబ్బలు దెబ్బతిని, 2018 జూన్‌లో మూసేశారు. 2022 జనవరిలో తెరిచారు, పడవలు తీరం ముందుకి రాకుండా, నీళ్ళలో ఈత కొట్టకుండా ఆంక్షలు పెట్టి. ఈనాటి ట్రావెలర్ రేపటి టూరిస్టు బస్సుకి దారి చూపించే మనిషి. 1950లో ప్రపంచం మొత్తం మీద అంతర్జాతీయ టూరిస్టుల రాకలు రెండున్నర కోట్లు, 2019లో 140 కోట్లు దాటాయి. ఇన్ని కోట్లలో 'నేను మాత్రం వేరు' అని ఎంతమంది అనుకుని ఉంటారో.

వెనిస్ సంగతి కూడా ఇలాంటిదే. పాత నగరంలో కాపురముండేవాళ్ళు ఇప్పుడు యాభై వేలకంటే తక్కువ. పెద్ద క్రూజ్ ఓడల్ని 2021లో నగరం మధ్య కాలువ నుంచి తప్పించారు, 2024లో రద్దీ రోజుల్లో ఒకరోజు సందర్శకులకి ప్రవేశ రుసుం పెట్టారు. పొద్దున దిగి సాయంత్రం పోయే గుంపుల మీద అందరికీ కోపం. న్యాయమే, ఆ గుంపుల్ని దింపినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ 'స్థానికుల్లా బతకాలి' అని కాపురాలుండే వాటాల్లో వారానికి అద్దెకి దిగే ట్రావెలర్ వల్ల ఆ వాటా అద్దెకుండేవాళ్ళకి దొరక్కుండా పోతుంది. హోటల్లో దిగిన టూరిస్టు కనీసం ఎవరి ఇల్లూ ఖాళీ చేయించలేదు.

ఇక మీ పది రోజులు.

అమ్మానాన్నలతో వెళ్తున్నారన్నారు. అంటే కంపెనీ మోయని తంటా ఎంతో కొంత మీ నెత్తినే ఉంటుంది. నాన్నగారి మందుల వేళలు, అమ్మకి బాత్రూమ్ ఎక్కడ, గది లిఫ్టుకి దగ్గరగా ఉందా, ఇవి చూడడానికి మీ కళ్ళు తెరుచుకునే ఉంటాయి. వాళ్ళని మాత్రం హాయిగా పూర్తి టూరిస్టులుగా ఉండనివ్వండి. డెబ్భై ఏళ్ళ మనిషిని 'అసలు అనుభవం' పేరుతో మెట్రోలో నిలబెట్టకండి.

ప్యాకేజీ కాగితం చదవడం నేర్చుకోండి. 'సందర్శన' అంటే లోపలికి వెళ్తారు. 'ఫొటో స్టాప్' అంటే బయట దిగి పది పదిహేను నిమిషాలు. 'పనోరమిక్ టూర్' అంటే బస్సు అద్దంలోంచి చూడడమే. ఈ మూడింటినీ మూడు రంగుల్లో గీసుకుంటే మీ పది రోజుల నిజస్వరూపం కనబడుతుంది. హోటల్ పేరు బదులు 'లేదా సమానమైనది' అని ఉంటే ఊరికి ఎంత దూరమో ముందే అడగండి. గుంపుల హోటళ్ళు చాలావరకు ఊరి బయట, బస్సు నిలిపే చోటున్న వైపు ఉంటాయి. సాయంత్రం ఊళ్ళోకి రాగలరా లేదా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. ఎక్కడ రెండు రాత్రులు వరసగా ఒకే హోటల్లో ఉంటారో ఆ ఊరే మీది. మిగతావి దారిలో పడ్డవి.

ఆ ఊళ్ళో ఒక పూట టూర్ మానేయండి. మేనేజరుకి ముందే చెప్పండి. చెప్పకుండా మాయమైతే ఆ తలల లెక్క ఏమవుతుందో, ఒక గుంపు మొత్తం రోడ్డు పక్కన ఎంతసేపు నిలబడుతుందో నాకు తెలుసు. ఆ పూటకి చూసే పని పెట్టుకోవద్దు, చిన్న పని ఒకటి పెట్టుకోండి. జుట్టు కత్తిరించుకోండి. ఊడిన బొత్తాం కుట్టించుకోండి. సంచి జిప్పు బాగుచేయించండి. ఇంటికి ఒక కార్డు పోస్టు చేయండి. చూడడానికి వెళ్తే ఊరు మీకు ముస్తాబై కనబడుతుంది, పని మీద వెళ్తే పని చేసుకుంటూ కనబడుతుంది. భాష రాని సెలూన్‌లో అద్దం ముందు కూర్చుని, ఎంత కత్తిరించాలో వేళ్ళ మధ్య ఎడం చూపించిన అరనిమిషంలో తంటా మొత్తం మీదే. దెబ్బతిన్నా పోయేది జుట్టే, నెలకి పెరుగుతుంది.

ఆ దేశపు అంకెలు, ఒక ఇరవై మాటలు నేర్చుకుని వెళ్ళండి. ఒకే చోటికి రెండు వేర్వేరు వేళల్లో వెళ్ళండి. ఫొటోల గురించి నేనేమీ చెప్పను, తీసుకోండి. తీయకపోతే గొప్పవాళ్ళవుతారని నమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళే తర్వాత మిమ్మల్ని పంపమని అడుగుతారు.

ఒక హెచ్చరిక. కొన్ని చోట్ల తంటాని మొత్తంగా ఇంకొకరికి అప్పజెప్పడమే తెలివి. ఎత్తయిన కొండలు, ఎడారులు, గొడవలున్న సరిహద్దులు, అడవి జంతువులుండే చోట్లు. అక్కడ గైడు లేకుండా పోయేవాడి కోసం రేపు వెతుకులాట బృందం ప్రాణాలకి తెగించాలి. పైన చెప్పిన బల్ల మీద దుప్పటి కథకి అది పెద్ద రూపం.

ఏ దేశానికి, ఏ నెలలో వెళ్తున్నారో మీరు రాయలేదు. కంపెనీ ఇచ్చిన రోజువారీ కాగితం ఇక్కడ పెడితే, మానేయడానికి పనికొచ్చే పూట ఏదో చెబుతాను. కొత్తగా ఏమి చూడాలో మాత్రం నన్నడక్కండి, ఇరవై రెండేళ్ళలో నేను బాగా నేర్చుకున్నది జాబితాలోంచి కొట్టేయడమొక్కటే.